స్మృతి తప్పిన పెద్దల సంరక్షణ — కొన్ని ధర్మసందేహాలు

సంస్కృతంలో 'స్మృతి' అనే పదానికి రెండర్థాలున్నవి. జ్ఞాపకమని ఒకటి, ధర్మశాస్త్రమని మరొకటి. ఉర్దూలో 'హాఫిజా' అంటే జ్ఞాపకశక్తి. 'హిఫాజత్' అంటే సంరక్షణ. ఈ రెండు మాటలకూ ధాతువు ఒక్కటే. జ్ఞాపకానికీ, ధర్మానికీ, సంరక్షణకూ నడుమ ఏదో చుట్టరికమున్నదని మన కళాశాలలో దినదినమూ వినిపించే రెండు భాషలూ ఈ విధంగా సూచిస్తున్నవి. మనిషికి జ్ఞాపకం నశించినపుడు అతని యెడ మన ధర్మమేమిటి? అతని హాఫిజా పోయిన పిమ్మట అతని హిఫాజత్ ఎవరి బాధ్యత? అది ఏ తీరున ఉండాలి? ఈ వ్యాసంలో విచారింపదలచిన విషయమిదే.

చదువుకొనే వయసులో ఉన్న విద్యార్థులకు వృద్ధుల వ్యాధిని గూర్చిన ప్రసంగమెందుకని కొందరు అడుగవచ్చు. కాని మన ఇండ్లలో తాతమ్మల పక్కన పడుకొనేది మనుమలే. రాత్రివేళ వారు లేచి తలుపు తీయబోతే మొదట మేల్కొనేది ఆ పిల్లలే. కనుక ఈ ప్రశ్నలు వైద్యులకంటె, న్యాయవాదులకంటె ముందు వారికే ఎదురవుతవి.

వ్యాధి స్వరూపం

వయసు మళ్ళినవారికి ఒక పేరో, తాళంచెవి పెట్టిన చోటో జ్ఞాపకం రాకపోవటం సహజం. అది వ్యాధి కాదు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవటం వేరు. తాళంచెవి ఎందుకో మరచిపోవటం వేరు. రెండవ స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. తెలుగులో దీనిని చిత్తవైకల్యమని వ్యవహరిస్తున్నారు. జ్ఞాపకంతోపాటు ఆలోచన, భాష, కాలస్థల జ్ఞానం, నిత్యకృత్యాలు నెరవేర్చుకొనే శక్తి క్రమంగా సన్నగిల్లటం దీని లక్షణం. ఇది ఒకే వ్యాధి కాదు, పలు వ్యాధుల ఫలితం. వాటిలో అల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినటం వలన కలిగేది మరొకటి.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యశాలకు ఆగస్టె డీటర్ అనే 51 ఏండ్ల స్త్రీని తీసుకొని వచ్చారు. తన పేరు తాను వ్రాయబోయి, సగంలో ఏమి వ్రాస్తున్నదో మరచిపోయే స్థితి ఆమెది. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె మరణించిన తరువాత ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, కణాల వెలుపల పేరుకొనిపోయిన మచ్చలనూ, కణాల లోపల చిక్కుపడిన తంతువులనూ కనుగొన్నాడు. ఆ సంవత్సరం నవంబరులో టుబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఆ సంగతిని వెల్లడించాడు. 1910లో క్రేపెలిన్ అనే సుప్రసిద్ధ మనోవైద్యుడు తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షలమంది చిత్తవైకల్యంతో జీవిస్తున్నారు. భారతదేశంలో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి ఈ వైకల్యమున్నదనీ, వారి సంఖ్య సుమారు 88 లక్షలనీ 2023లో ప్రచురితమైన ఒక జాతీయ పరిశీలన తెలిపినది. కనుక ఇది ఎక్కడో ఒక ఇంటి కథ కాదు.

ఇక్కడ మన తొలి ధర్మమొకటి ఉన్నది. మతిమరపు కనబడగానే "ముసలితనమే కదా, చాదస్తమే కదా" అని సరిపెట్టుకోరాదు. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టటం వంటి కారణాల వలన కూడ ఇవే లక్షణాలు కలుగవచ్చు. అవి చాలవరకు చికిత్సకు లొంగేవి. పరీక్ష చేయించకుండా 'చాదస్తం' అని పేరు పెట్టటం నయమయ్యే జబ్బును నయం కానీయకపోవటమే అవుతుంది.

నిజమా? ఓదార్పా?

మా ఇంటి అనుభవమొకటి చెప్పటానికి పాఠకులు అనుమతింతురు గాక. మా దాదీమాకు ఈ వ్యాధి 2014 ప్రాంతంలో ప్రారంభమైనది. మా తాతగారు అప్పటికి పదేండ్ల క్రిందటే పరమపదించారు. మగ్రిబ్ నమాజు ముగిసి దీపాలు వెలిగే వేళకు దాదీమా గుమ్మం వైపు చూచి, "మీ దాదా ఇంకా రాలేదేమిరా?" అని అడిగేది. మా నాన్నగారు అబద్ధమాడని మనిషి. "అమ్మీ, ఆయన పోయి పదేండ్లయింది కదా" అని చెప్పేవారు. ఆ మాట దాదీమాకు ప్రతిసారీ కొత్తవార్తయే. ఆమె గుండెలు బాదుకొని ఏడ్చేది. చేతుల గాజులు తీసి పక్కన పెట్టేది. తెల్లవారేసరికి ఏడ్చిన సంగతి మరచిపోయి, ఆ గాజులు ఎవరివని అడిగి మరల తొడుగుకొనేది. సాయంత్రానికి మరల అదే ప్రశ్న. ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారి అనుభవించవలసిన వైధవ్యాన్ని మేము ఆమెకు ప్రతి సాయంకాలమూ అనుభవింపజేసినాము. మేము చెప్పినది నిజమే. కాని అది న్యాయమేనా?

సత్యాన్ని గూర్చి మన పెద్దలు తక్కువగా ఆలోచించలేదు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో వ్రాసిన వ్యాసంలో పరోపకారార్థమైనను అసత్యమాడే హక్కు మనిషికి లేదన్నాడు. మహాభారతం కర్ణపర్వంలో కౌశికుని కథ ఇందుకు భిన్నమైన మాట చెబుతుంది. సత్యవ్రతం పట్టిన ఆ తపస్వి, దొంగలకు భయపడి పారిపోయినవారు దాగిన చోటును ఆ దొంగలకే నిజంగా చెప్పి, వారి చావుకు కారకుడై దుర్గతి పాలైనాడు. షేక్ సాదీ 'గులిస్తాన్' మొదటి కథలో ఒక బందీ రాజును దూషిస్తే, దయాళువైన మంత్రి ఆ దూషణను మంచిమాటగా మార్చి వినిపిస్తాడు. నిజం బయటపడిన తరువాత కూడ రాజు ఆ అబద్ధాన్నే మెచ్చుకొంటాడు. సదుద్దేశంతో చెప్పిన అబద్ధం కీడు తెచ్చే నిజంకంటె మేలని సాదీ తీర్పు.

అయితే సాదీ కథను మన సౌకర్యానికి వాడుకొనే ప్రమాదమున్నది. ఆ మంత్రి అబద్ధమాడినది తన పని తేలిక చేసుకొనటానికి కాదు, ఇంకొకరి ప్రాణం నిలుపటానికి. మనమో, "ఊరికి పోదాం పద" అని ఆసుపత్రికి తీసుకొనిపోతాము. "రేపు వస్తా"మని చెప్పి నెలలు గడుపుతాము. ఇవి ఎవరి మేలుకోసం చెప్పిన అబద్ధాలు? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడే ఓదార్పుకూ వంచనకూ గల తేడా తెలుస్తుంది. ఎవరి సౌకర్యం కోసమన్నదే ఇక్కడి గీటురాయి. ఈ వ్యాసంలోని తక్కిన ప్రశ్నలకు కూడ ఈ గీటురాయి ఉపకరిస్తుంది.

నిజానికీ అబద్ధానికీ నడుమ మూడవదారి ఒకటున్నది. అమెరికాలో వృద్ధుల మధ్య పనిచేసిన నయోమీ ఫీల్ అనే ఆమె 1982లో ప్రకటించిన గ్రంథంలో దీనిని ఒక పద్ధతిగా వివరించింది. వృద్ధులు చెప్పే మాటలోని పొరపాటును దిద్దటం కాక, ఆ మాట వెనుకనున్న భావాన్ని గుర్తించి దానికి బదులు చెప్పటం ఆ పద్ధతి సారాంశం. ఈ గ్రంథాన్ని మేము చదివి ఎరుగము. కాని ఒకనాటి సాయంకాలం మా చెల్లెలు, అప్పటికి బడిపిల్ల, దాదీమా ప్రశ్నకు బదులుగా, "దాదీ, దాదా సంతనుండి వచ్చేటప్పుడు నీకేమి తెచ్చేవారు?" అని అడిగినది. దాదీమా ముఖం వికసించినది. కాగితం పొట్లంలో జిలేబీ తెచ్చేవారనీ, ఆ పాకం జేబుకు అంటుకొనేదనీ, అత్తగారు చూడకుండా ఇచ్చేవారనీ చెబుతూ కూర్చున్నది. ఆనాడు గాజులు చేతులనే ఉన్నవి. చెల్లెలు అబద్ధమాడలేదు. నిజంతో గాయపరచనూ లేదు. దాదీమా అడిగినది తాతగారి రాకను గూర్చి కాదు, తాతగారిని గూర్చియేనని ఆ పిల్ల గ్రహించినది.

తాళమా? స్వేచ్ఛా?

ఈ వ్యాధి కలవారిలో చాలమందికి పొద్దు వాలేవేళకు కలత హెచ్చుతుంది. "ఇంటికి పోతా"నంటూ సొంత ఇంటినుండే బయలుదేరుతారు. దారి తప్పి, ఎండకో వానకో, వాహనాలకో గురియయ్యే ప్రమాదమున్నది. కనుక అనేక ఇండ్లలో తలుపులకు తాళం పడుతుంది. కొన్నిచోట్ల మంచానికి కట్టివేసిన ఉదంతాలు కూడ వినవలసి వస్తున్నది.

మా తప్పు కూడ చెప్పుకొనటం న్యాయం. ఒకనాడు దగ్గర బంధువుల పెండ్లికి పోతూ, గంటలో వస్తాము కదా అని దాదీమాను ఇంట ఉంచి బయట గొళ్ళెం పెట్టినాము. వచ్చేసరికి పొరుగువారు మా గుమ్మంలో నిలిచి తలుపు సందునుండి ఆమెతో మాట్లాడుతున్నారు. లోపలినుండి కొట్టి కొట్టి ఆమె అరచేతులు కమిలిపోయినవి. ఆమె దారి తప్పకూడదని గొళ్ళెం పెట్టినామని మేము చెప్పుకొన్నాము. నిజానికి పెండ్లికి అందరమూ పోవాలని పెట్టినాము. గీటురాయి మీద ఆ పని నిలువదు.

రక్షణ అవసరమే. కాని అదే ఫలితాన్నిచ్చే మార్గాలలో స్వేచ్ఛను తక్కువగా హరించే మార్గాన్ని ఎంచుకొనవలెనన్నది నేడు అందరూ అంగీకరించిన సూత్రం. పొద్దు వాలకముందే వారిని కొంతదూరం నడిపించి తీసుకొని రావటం, చిరునామా, ఫోను నంబరు గల కాగితం జేబులోనో కొంగుననో ఉంచటం, వీధిలోని దుకాణదారులకూ ఆటో నడిపేవారికీ సంగతి చెప్పి ఉంచటం తాళంకంటె మేలైనవి. నెదర్లాండ్స్‌లో 2009లో హోగెవేక్ అనే చిన్న గ్రామాన్ని ఇటువంటివారికోసమే నిర్మించారు. గ్రామం వెలుపలి సరిహద్దుకు కాపలా ఉన్నది. లోపల మాత్రం వీధులు, తోట, అంగడి, భోజనశాల ఉన్నవి. నివాసులు ఇష్టం వచ్చిన చోట తిరుగవచ్చు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో ఒక వృద్ధాశ్రమం ముందు బస్సు ఆగని బస్‌స్టాప్ ఒకటి ఏర్పాటు చేసినారు. ఇంటికి పోవాలని వచ్చినవారు అక్కడి బెంచీమీద కూర్చుంటారు. కొంతసేపటికి ఎవరో వచ్చి మాటలు చెప్పి లోనికి తీసుకొనిపోతారు. ఇది దయయా, వంచనయా అన్న చర్చ ముగియలేదు. తాళంకంటె ఇది మృదువైనది; అయినా రాని బస్సు కోసం మనిషిని కూర్చోబెట్టటం పూర్తిగా నిర్దోషమని చెప్పలేము. ఆ బెంచీమీద పక్కన వచ్చి కూర్చునే మనిషిని బట్టి అది దయయో కాదో తేలుతుంది.

వేలిముద్ర వెనుక న్యాయం

మన సమాజంలో ఈ వ్యాధి చుట్టూ జరిగే అన్యాయాలలో హెచ్చుభాగం ఆస్తికి సంబంధించినది. దాదీమా నవ్వుతూ ఏ కాగితంమీదనైనా వేలిముద్ర వేసేది. అడిగిన వారి మాట కాదనకపోవటం ఆమె సంస్కారం. ఆ సంస్కారాన్ని ఆసరా చేసుకొని వేయించుకొన్న ముద్ర సమ్మతి కాజాలదు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 12వ సెక్షను ప్రకారం, ఒప్పందం చేసుకొనే సమయానికి ఆ మనిషి దానిని అర్థం చేసుకొని, తన మేలుకీళ్ళను ఆలోచించి నిర్ణయించగల స్థితిలో ఉండవలెను. సాధారణంగా స్వస్థచిత్తుడు కానివాడు కూడ స్వస్థత ఉన్న వేళలో ఒప్పందం చేయవచ్చునని ఆ సెక్షనే చెబుతున్నది. అనగా సామర్థ్యం వ్యాధి పేరుమీద కాక, ఆ వేళను బట్టి, ఆ నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. చిత్తవైకల్యమున్నదనగానే మనిషి అన్నింటికీ అనర్హుడైపోడు. పొలం అమ్మకం అర్థం కాని మనిషికి తాను ఏ చీర కట్టుకోవాలో, ఎవరి చేతి ముద్ద తినాలో తెలిసి ఉండవచ్చు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ ధోరణినే అనుసరించినది. మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకానికీ, కాలస్థల జ్ఞానానికీ సంబంధించిన తీవ్ర రుగ్మతలను కూడ అది చేర్చినది. ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా కనబడినంత మాత్రాన వారికి నిర్ణయసామర్థ్యం లేదనరాదని స్పష్టం చేసినది. సామర్థ్యం ఉన్నప్పుడే, ముందుముందు తనకు ఎటువంటి చికిత్స కావలెనో, ఏది వద్దో వ్రాసి ఉంచే హక్కునూ, తన తరపున మాట్లాడే ప్రతినిధిని నియమించుకొనే హక్కునూ ప్రసాదించినది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను ప్రకారం, పోషిస్తామన్న షరతుమీద ఆస్తి వ్రాయించుకొని పోషించనివారి దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. సంరక్షణలో ఉన్న వృద్ధులను విడిచిపెట్టి పోవటం 24వ సెక్షను క్రింద శిక్షార్హమైన నేరం.

చట్టాలు ఉన్నవి. కాని వేలిముద్ర వేయించే గదిలో చట్టం ఉండదు, కుటుంబసభ్యులే ఉంటారు. ఆ గదిలో ఒక్క మనుమడైనా "ఇది దాదీకి అర్థమైనదా?" అని అడిగితే చట్టం చేయవలసిన పని సగం నెరవేరినట్లే.

నాటి మనిషి, నేటి మనిషి

తత్త్వవేత్తలను మిక్కిలి వేధించిన ప్రశ్న మరొకటున్నది. జీవితమంతా మాంసం ముట్టని పెద్దాయన ఒకరు వ్యాధి ముదిరిన తరువాత ఎదుటివారి పళ్ళెంలోని మాంసం కావాలని చేయి చాచినాడనుకొందాం. ఆయన కోరిక ఏది? అరవై యేండ్లు పాటించిన వ్రతమా? ఈ క్షణంలో చాచిన చేయా?

అమెరికన్ న్యాయతత్త్వవేత్త రోనాల్డ్ డ్వర్కిన్ 1993లో ప్రచురించిన 'లైఫ్స్ డొమీనియన్' అనే గ్రంథంలో, మనిషి స్పృహలో ఉన్నప్పుడు తన జీవితానికి తాను ఇచ్చుకొన్న అర్థమే ప్రధానమనీ, నాటి నిర్ణయాన్నే గౌరవించవలెననీ వాదించాడు. రెబెకా డ్రెసర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1995లో దానికి సమాధానమిస్తూ, మన ఎదుటనున్నది నేటి మనిషియనీ, అతని నేటి సుఖదుఃఖాలను నాటి కాగితానికి బలి చేయరాదనీ అన్నది. ఇంగ్లండుకు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో, మెదడులో ఎంత క్షయం జరిగినా వ్యక్తిత్వం పోదనీ, అది చుట్టూ ఉన్నవారు ఇచ్చే గుర్తింపువల్ల నిలుస్తుందనీ, పిల్లవానితో మాట్లాడినట్లు మాట్లాడటం, ఎదుటనే వారిని గూర్చి మూడవ మనిషితో చెప్పటం వంటి చిన్న చిన్న అవమానాలవల్ల అది క్రుంగుతుందనీ వ్రాశాడు.

మా ఇంట ఈ ప్రశ్న రమజాను మాసంలో ఎదురైనది. దాదీమా తాను తిన్న సంగతి మరచి, ఉపవాసమున్నానని మందుబిళ్ళ వేసుకొనక మారాం చేసేది. చక్కెరవ్యాధి ఉన్న మనిషి. మతి తప్పినవారికి విధులు వర్తించవని ధర్మశాస్త్రం తెలిసిన పెద్దలు చెప్పినారు. కాని శాస్త్రం సడలించిన దానిని ఆమె మనసు సడలించలేదు. చివరకు మా అమ్మ ఒక ఉపాయం చేసినది. మందును ఇఫ్తారు వేళకు మార్చవచ్చునా అని వైద్యుని అడిగి, ఆయన సరేనన్న మందులను మార్చినది. పగటిపూట ఆకలియని అడిగితే పెట్టినది. అడిగిన ముద్దను ఎవరూ ఎత్తిచూపలేదు. సాయంత్రం ఆమెకు మొదటి ఖర్జూరం అందించినాము. నాటి భక్తురాలికీ, నేటి రోగికీ ఒకేసారి న్యాయం చేయటం కష్టమే. అయినా ఇద్దరిలో ఒకరిని చంపి మరొకరిని బ్రతికించవలసిన అగత్యం అన్నివేళలా లేదు. మాంసం ముట్టని పెద్దాయన విషయంలో కూడ, ఆయన ఎదుట ఆ పళ్ళెం పెట్టకపోవటమే రెండు వాదాలకూ సమ్మతమైన ధర్మం.

మందు, ముద్ద

కేకలు వేసే రోగిని నిద్రబుచ్చటానికి మత్తుమందులు ఇవ్వమని వైద్యుని కోరేవారున్నారు. తీవ్రమైన బాధలో, ఇతర మార్గాలు విఫలమైనపుడు వైద్యుని పర్యవేక్షణలో అవి అవసరం కావచ్చు. కాని మనోవ్యాధులకు వాడే కొన్ని మందులు చిత్తవైకల్యం గల వృద్ధులలో మరణాలను హెచ్చించునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక చేసినది. ఆ కేకకు నొప్పి కారణమో, మలబద్ధకం కారణమో, ఒంటరితనం కారణమో వెదకకుండా మందు వేయటం నోరు నొక్కటంతో సమానం. అన్నంలో మందు కలిపి తెలియకుండా పెట్టటం కూడ వైద్యునితో చెప్పి చేయవలసిన పనియే. కొన్ని బిళ్ళలు నలిపితే హాని చేస్తవి.

వ్యాధి చివరి దశలో మింగటం కష్టమవుతుంది. అపుడు గొట్టం ద్వారా ఆహారమిచ్చే విషయం వస్తుంది. అన్నం పెట్టకపోవటం మహాపాపమని పెరిగిన మనకు ఇది హృదయవిదారకమైన ఘట్టం. కాని ముదిరిన చిత్తవైకల్యంలో గొట్టం వలన మేలు కలుగదనీ, ఓపికతో చేతిముద్ద తినిపించటమే ఉత్తమమనీ అమెరికన్ వృద్ధవైద్య సంఘం 2014లో ప్రకటించినది. నోరు తడుపటం, రెండు చెంచాల గంజి తాగించటం, వద్దన్నపుడు ఆగటం కూడ సేవయే. కోలుకొనే ఆశలేని స్థితిలో ప్రాణాన్ని యంత్రాలమీద నిలుపవద్దని ముందుగా వ్రాసి ఉంచే హక్కును మన సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, 2023లో ఆ విధానాన్ని సులభం చేసినది. పెద్దలు మాట్లాడగలిగిన కాలంలోనే ఈ సంగతులు వారితో మాట్లాడటం అశుభమని భావించరాదు. వారి చివరి రోజులను ఊహలమీద కాక వారి మాటమీద నడిపించటానికి అదొక్కటే మార్గం.

సేవ చేసేవారి పక్షం

ఈ చర్చలో మాట రానివారు ఇంకొకరున్నారు. వారు సేవ చేసేవారు. "కొడుకు తల్లిని చూచుకొంటున్నాడు" అని లోకం పొగడుతుంది. స్నానం చేయించేదీ, పక్క బట్టలు మార్చేదీ, రాత్రి మూడుసార్లు లేచేదీ మాత్రం సాధారణంగా కోడలు, కూతురు లేక కూలికి వచ్చిన స్త్రీ. మా అమ్మ ఏడేండ్లు ఆ పని చేసినది. నగరంనుండి ఏడాదికొకసారి వచ్చే బంధువులు దాదీమాను చూచి, "ఇంత చిక్కిపోయిందేమి? అన్నం పెట్టటం లేదా?" అని అడిగేవారు. అమ్మ సమాధానం చెప్పేది కాదు. వారు పోయిన తరువాత వంటింట నిలబడి ఏడ్చేది.

తల్లిదండ్రుల యెడ విసుగు మాట కూడ పలుకరాదని ఖుర్‌ఆన్ ఆదేశిస్తున్నది. అన్ని మతాలూ ఇటువంటి మాటే చెబుతున్నవి. ఆ ఆదేశం సంతానమందరికీ ఉద్దేశించినది; ఒక్క స్త్రీ నెత్తిన పెట్టి తక్కినవారు పుణ్యం పంచుకొనటానికి కాదు. అలసటవల్ల వచ్చే విసుగును తగ్గించాలంటే అలసటను పంచుకోవాలి. వారానికి ఒక పూట అమ్మకు సెలవిచ్చి దాదీ పక్కన కూర్చోగలిగిన మనుమడు గొప్ప ఉపన్యాసాలు విన్నవానికంటె ధర్మాన్ని ఎక్కువగా తెలుసుకొన్నవాడు. 1992లో కేరళలో స్థాపితమైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు సంరక్షకులకు శిక్షణ, సలహా అందిస్తున్నవి. అటువంటి సహాయం అడగటం సిగ్గుచేటు కాదు.

రెండు భాషల వరం

మన కళాశాలకు ప్రత్యేకంగా సంతోషం కలిగించే విషయమొకటి చెప్పి ముగిస్తాను. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది చిత్తవైకల్య రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారికంటె రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా ప్రారంభమైనట్లు వారు గమనించారు. చదువురాని వారిలో కూడ ఈ తేడా కనబడినది. ఒక్క పరిశీలనతో అంతా తేలిపోదు. అయినా బజారులో తెలుగు, ఇంట ఉర్దూ మాట్లాడే మనవంటివారికి ఇది మంచి కబురు.

దాదీమా పెండ్లియై వచ్చిన తరువాత తెలుగు నేర్చుకొన్నది. చివరి సంవత్సరంలో ఆ తెలుగు ఆమెను విడిచిపోయినది; పుట్టింటి ఉర్దూ మాత్రం మిగిలినది. పొరుగింటి పెద్దమ్మకు తెలుగు తప్ప వేరు భాష రాదు. ఆమె ప్రతిదినం మధ్యాహ్నం వచ్చి తెలుగులో మాట్లాడేది. దాదీమా ఉర్దూలో బదులు చెప్పేది. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా ఆ ఇద్దరూ నవ్వుకొనేవారు, చేతులు పట్టుకొని కూర్చొనేవారు. వ్యక్తిని నిలబెట్టేది చుట్టూ ఉన్నవారి గుర్తింపేనన్న కిట్‌వుడ్ మాటకు నేను చూచిన ఉదాహరణ అది.

విద్యార్థి మిత్రులారా! శకుంతలను మరచిన దుష్యంతునికి ఉంగరం చూడగానే అంతా జ్ఞాపకం వచ్చినది. మన ఇంటి పెద్దల మరపుకు అటువంటి ఉంగరం నేటికీ దొరకలేదు. వారు మనలను మరల గుర్తుపట్టకపోవచ్చు. దాదీమా చివరి మాసాలలో నన్ను తన తమ్ముడనుకొని, బడికి వేళయినదని తొందరపెట్టేది. నేను పుస్తకాలు చంకన పెట్టుకొని ఆమెకు సలాము చేసి, నిజంగానే కళాశాలకు బయలుదేరేవాడిని. నేనెవరినో ఆమెకు తెలియదు. ఆమె ఎవరో నాకు తెలుసు. సంరక్షణకు ఆ ఒక్క స్మృతి చాలును.